అవ్వ లెక్క, అమ్మ లెక్క, పాప లెక్క

పొద్దున ఏడింటికి సత్యవేడు బస్టాండులో ఏ టీ కొట్టు ముందైనా నిలబడండి. బీజగణితం చెవిన పడుతుంది. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుకెళ్ళేవాళ్ళు, ఊత్తుకోట బస్సు కోసం చూసేవాళ్ళు, పొలం పనికి బయల్దేరినవాళ్ళు అందరూ ఒక్కసారే ఆర్డర్లు చెబుతుంటారు. కొందరు తెలుగులో, కొందరు తమిళంలో.

"అన్నా, మూడు టీ, రెండు వడ."

"ఇంకో రెండు టీ వేయన్నా. వడ ఒకటి పెట్టు."

కొట్టాయన కాగితం ముట్టుకోడు. లోపలికి తిరిగి "అయిదు టీ, మూడు వడ" అని ఒక్క కేక వేస్తాడు. టీలను టీలతో కలిపాడు, వడలను వడలతో కలిపాడు. ఆ రెండింటినీ ఒకదాంట్లో ఒకటి కలపలేదు. ఈ పనికి బడి పుస్తకంలో పెద్ద పేరే ఉంది: సజాతి పదాలను కలిపి బీజీయ సమాసాన్ని సూక్ష్మీకరించడం. ఆరు, ఏడు తరగతుల్లో ఈ పాఠం దగ్గరే చాలామంది పిల్లలు లెక్కలకు మొహం చాటేస్తారు. టీ కొట్టు దగ్గర ఎవరూ తప్పు చేయని లెక్క నోటుబుక్కులోకి వచ్చేసరికి ఎందుకు తప్పుతుంది?

ఎనిమిది టీవడలు

టీకి ట, వడకు వ అని పెట్టుకుని ఆ ఆర్డర్లను రాద్దాం.

3ట + 2వ + 2ట + వ = 5ట + 3వ

ఇక్కడ ఆగాలి. చాలామంది పిల్లలు ఆగలేరు. ఇంకో అడుగు వేసి 8టవ అని రాసేస్తారు. వాళ్ళను తెలివితక్కువవాళ్ళని అనుకుంటే అన్యాయం. అయిదేళ్ళపాటు బడి వాళ్ళకు నేర్పిందే అది: కూడిక గుర్తు కనబడితే కూడాలి, చివరికి ఒక్క అంకె రాయాలి. జవాబు దగ్గర "5 + 3" అని వదిలేస్తే ఎర్రసిరా పడేది. ఇప్పుడు హఠాత్తుగా అదే గుర్తును జవాబులో ఉంచమంటున్నాం. లెక్క సగంలో ఆగిపోయిందేమోనని పిల్లలకు గుబులు.

ఆ గుబులు తీరాలంటే డబ్బులు కట్టి చూడాలి. టీ 10 రూపాయలు, వడ 8 రూపాయలు అనుకుందాం. 5ట + 3వ అంటే 50 + 24, మొత్తం 74. మరి 8టవ? ఎనిమిది, పది, ఎనిమిది, ఈ మూడింటినీ గుణిస్తే 640. అయిదు టీలకూ మూడు వడలకూ 640 రూపాయలిచ్చే మనిషి సత్యవేడులోనే కాదు, చెన్నైలోనూ దొరకడు.

డబ్బులు కట్టేటప్పుడు మనం ఒక పని చేశాం. ట ఉన్న చోట గ్లాసు పెట్టలేదు, 10 పెట్టాం. అంటే ట అనేది టీ కాదు, టీ ధర. అది ఒక సంఖ్య. "ట అంటే టీ, వ అంటే వడ" అని చెబితే పిల్లలకు వెంటనే అర్థమైనట్టే ఉంటుంది, మొదటి నాలుగు లెక్కలు సరిగ్గానే వస్తాయి. ఆ తరువాత ట × ట వస్తుంది. టీని టీతో ఎలా గుణించాలి? అక్కడ బండి దిగబడుతుంది. 1970లలో ఇంగ్లండు హైస్కూలు పిల్లలను పరీక్షించిన డీట్మార్ కూచెమాన్ కనిపెట్టిన సంగతుల్లో ఇదొకటి: పిల్లలు చాలా సందర్భాల్లో అక్షరాన్ని సంఖ్యగా కాక వస్తువుగా చూస్తారు. సులువు లెక్కల్లో అలా చూసినా జవాబు వచ్చేస్తుంది కాబట్టి, ఆ పొరపాటు చాలాకాలం బయటపడదు.

అక్షరం సంఖ్య అని ఒప్పుకుంటే 3ట + 2ట = 5ట ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మూడు పదులు, రెండు పదులు కలిపితే అయిదు పదులు. (3 + 2) × 10. రేపు టీ 12 అయినా అంతే, (3 + 2) × 12. ట ఎంతైనా ఈ మాట నిజం. దీన్నే విభాగ న్యాయం అంటారు. అక్షరం ముందున్న 3, 2 అనే అంకెలు గుణకాలు. ఉత్త వ అని రాస్తే దాని ముందు 1 ఉన్నట్టే, చెప్పకపోయినా. 5ట + 3వలో అలా బయటికి తీయడానికి ఉమ్మడి అక్షరం లేదు. అందుకే అది అక్కడే ఆగింది. ఆగడం ఓటమి కాదు, అదే పూర్తి జవాబు.

రంగులు పెట్టిన పెద్దలు

బడి పుస్తకాల్లో చరరాశులకు ఇంగ్లీషు అక్షరాలు వాడతారు. ఇక్కడ నేను మన అక్షరాలే వాడుతున్నాను. ఇది కొత్త పోకడేమీ కాదు. 1150లో బీజగణితం రాసిన భాస్కరాచార్యుడు తెలియని రాశిని "యావత్తావత్" అన్నాడు, ఎంత ఉంటే అంత అని. రెండో తెలియని రాశికి కాలకం, మూడోదానికి నీలకం, ఆ తరువాత పీతకం, లోహితకం. నలుపు, నీలం, పసుపు, ఎరుపు. రాసేటప్పుడు మొదటి అక్షరమే: యా, కా, నీ, పీ, లో. అక్షరం లేని ఉత్త అంకెకు రూపం అని పేరు, గుర్తు రూ. ఋణసంఖ్య అయితే అంకె నెత్తిన ఒక చుక్క. యావత్తావత్తుకు మూడు రెట్లు, దానికి అయిదు కలిపి అని రాయాలంటే ఆయన "యా 3 రూ 5" అని పక్కపక్కన పెట్టి ఊరుకునేవాడు. కూడిక గుర్తు కూడా అక్కర్లేదు.

రంగుల పేర్లు పెట్టడంలోనే సగం పాఠం ఉంది. నలుపు నలుపుతో చేరుతుంది, పసుపు పసుపుతో చేరుతుంది. ఇంకా వెనక్కి వెళితే, 628లో భిల్లమాలకు చెందిన బ్రహ్మగుప్తుడు తన ముప్పయ్యో ఏట రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఈ నియమం స్పష్టంగానే ఉంది. అవ్యక్తం, దాని వర్గం, ఘనం, ఇంకా పై ఘాతాలు, వీటిలో ఒకే జాతివాటికే కూడికలూ తీసివేతలూ చేయాలి, వేరు జాతివాటిని విడివిడిగా ఉంచాలి అన్నది దాని సారం. నేటి ఏడో తరగతి పాఠం వయసు పద్నాలుగు వందల ఏళ్ళు.

బ్రహ్మగుప్తుడి తరువాత రెండు వందల ఏళ్ళకు, దాదాపు 820 ప్రాంతంలో, బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ ఒక పుస్తకం రాశాడు. దాని పేరులో రెండు పనుల ప్రస్తావన ఉంది. ఒకటి అల్ జబ్ర్, తీసివేతలో ఉన్న పదాన్ని అవతలి పక్కకు చేర్చి సరిచేయడం. రెండోది అల్ ముఖాబలా, సమీకరణానికి రెండు వైపులా ఉన్న సజాతి పదాలను ఎదురెదురుగా పెట్టి కొట్టివేయడం. మొదటి మాటే ఆల్జీబ్రా అయి ప్రపంచమంతా తిరిగింది. రెండో మాటకు పేరు రాలేదు కానీ, రోజూ చేస్తున్నది ఆ పనే. తెలుగులోకీ లెక్కల పుస్తకాలు ఆ తరువాత వచ్చాయి. 9వ శతాబ్దపు మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

విడిగా ఉంచడం అంటే ఏమిటో సత్యవేడుకు తన చరిత్రే చెబుతుంది. ఈ ప్రాంతం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. మధ్యవర్తి హెచ్.వి. పటాస్కర్ సూచనల మేరకు మద్రాసు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు సరిహద్దు సర్దుకున్నప్పుడు ఊరిని ఒక ప్రమాణంగా తీసుకున్నారు, ఎక్కువమంది మాట్లాడే భాష చూశారు, నేల ఆనుకుని ఉందా లేదా చూశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చి చిత్తూరు జిల్లాలో చేరింది. 2022 నుంచి తిరుపతి జిల్లా. కాగితం మీద ఊళ్ళు సజాతి పదాల్లా సర్దుకున్నాయి. బజారులో మాత్రం రెండు భాషలూ పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో ఒక కూడిక గుర్తుతో. ఏదీ రెండోదానిలో కరిగిపోలేదు.

అడుగులు, టీఎంసీలు, క్యూసెక్కులు

జాతి అంటే అక్షరమే కానక్కర్లేదు, కొలత కూడా. దీనికి ఉదాహరణ ఊత్తుకోట దగ్గరే పారుతోంది. కండలేరు జలాశయం నుంచి బయల్దేరిన తెలుగుగంగ కాలువ సుమారు 150 కిలోమీటర్లు నడిచి, అక్కడ తమిళనాడులో అడుగుపెట్టి, చెన్నై తాగునీటి కోసం పూండి చేరుతుంది. 1996లో మొదటిసారి ఆ నీళ్ళు సరిహద్దు దాటాయి. ఒప్పందం లెక్క ఇది: కృష్ణా నీళ్ళలో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఏటా ఒక్కొక్కటి 5 టీఎంసీలు వదులుకోవాలి. దారిలో ఆవిరి కింద, ఇతర నష్టాల కింద 3 పోతాయనుకుంటే,

5 + 5 + 5 − 3 = 12

తమిళనాడుకు చేరాల్సింది 12 టీఎంసీలు. నాలుగూ టీఎంసీలే, అందుకే కలిశాయి.

పేపర్లో జలాశయం వార్త చూడండి. నీటిమట్టం అడుగుల్లో ఉంటుంది, నిల్వ టీఎంసీల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో. మూడు అంకెలూ ఒకే వాక్యంలో ఉన్నా, కలపబోతే వచ్చేది చెత్త. కానీ క్యూసెక్కులకూ టీఎంసీలకూ చుట్టరికం ఉంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి 11,574 క్యూసెక్కుల చొప్పున ఒక రోజంతా పారితే దాదాపు ఒక టీఎంసీ అవుతుంది. జలాశయంలో 9 టీఎంసీలు ఉండి, ఆ లెక్కన మూడు రోజులు వదిలితే మిగిలేది 9 − 3 = 6. విజాతిగా కనబడిన క్యూసెక్కును కాలంతో గుణించి టీఎంసీగా మార్చాం, ఆ తరువాతే తీసివేశాం. ముందు జాతి కలపాలి, తరువాత అంకెలు కలపాలి.

ఈ వరస తప్పితే ఏమవుతుందో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు 1999లో తెలిసొచ్చింది. 1998 డిసెంబరు 11న అంగారకుడి వైపు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ తొమ్మిది నెలలు ప్రయాణించి, 1999 సెప్టెంబరు 23న గ్రహం దగ్గరికి చేరగానే మాయమైంది. నేలమీద వాడిన ఒక సాఫ్ట్‌వేరు ఇంజన్ల తోపును పౌండ్ల లెక్కన ఇచ్చింది. దాన్ని అందుకున్నవాళ్ళు న్యూటన్లు అనుకున్నారు. ఒక పౌండు బలం దాదాపు 4.45 న్యూటన్లు. నౌక అనుకున్నదానికన్నా చాలా కిందికి, వాతావరణంలోకి దిగిపోయింది. అంకెల్లో తప్పు లేదు. అంకె పక్కనున్న జాతి పేరు ఎవరూ చదవలేదు.

ధనుర్మాసం ముగ్గు

ఇంతకూ కలిపి చిన్నది చేసుకోవడం ఎందుకు? చోటు ఆదా అవుతుందనా? ఆ ఆదా ఉంది గానీ, అసలు సంగతి వేరే. అది ముగ్గు దగ్గర తేలుతుంది.

ధనుర్మాసంలో తెల్లవారుజామున ఒక ఇంటి వాకిలి ఊహించుకోండి. కళ్ళాపి చల్లారు. పాప చుక్కలు పెట్టింది: నడుమ వరుసలో ఏడు చుక్కలు, పైకి ఒక్కో వరుసకు అటొకటి ఇటొకటి తగ్గిస్తూ 5, 3, 1. కిందికీ అలాగే 5, 3, 1. పలకను మూల మీద నిలబెట్టినట్టు నాలుగు కొసల ముగ్గు.

"ఎన్ని చుక్కలొచ్చినాయి పాపా?" అంది అవ్వ.

అవ్వ, అమ్మ, పాప ముగ్గురూ లెక్కపెట్టారు. ముగ్గురిదీ ఒక్కో దారి. కొసనుంచి నడుమ వరుస దాకా ఉన్న వరుసల సంఖ్యను న అందాం. ఇక్కడ న = 4. నడుమ వరుసలో ఎప్పుడూ 2న − 1 చుక్కలుంటాయి. న 4 అయితే అవి ఏడు.

అవ్వ వరుసలవారీగా కూడింది. పైభాగంలో 1 + 3 + 5. బేసి సంఖ్యలను 1 నుంచి వరసగా కూడితే ఎప్పుడూ ఒక వర్గమే వస్తుంది: 1, 4, 9, 16. కాబట్టి పైభాగం (న − 1)². కిందిభాగం కూడా అంతే. నడుమ వరుస కలిపితే,

2(న − 1)² + (2న − 1)

అమ్మ మెడ పక్కకు వంచి చూసింది. ఏటవాలుగా చూస్తే అవి నలుపలక గళ్ళే. నాలుగేసి చుక్కల వరుసలు నాలుగు, వాటి సందుల్లో మూడేసి చుక్కల వరుసలు మూడు. అంటే 16 + 9.

న² + (న − 1)²

పాపకు ముందు నడుమనున్న కూడిక గుర్తు కనిపించింది. నిలువు ఏడు, అడ్డం ఏడు, నట్టనడుమ చుక్క రెండుసార్లు వచ్చింది కాబట్టి ఒకటి తీసేయాలి: 2(2న − 1) − 1. మిగిలినవి నాలుగు మూలల్లో నాలుగు ముక్కోణాలు, ఒక్కోదానిలో 1 + 2 చుక్కలు. న ఎంతైనా ఒక్కో ముక్కోణంలో ఉండేవి (న − 1)(న − 2)లో సగం. నాలుగింటికి 2(న − 1)(న − 2).

2(2న − 1) − 1 + 2(న − 1)(న − 2)

మూడు సమాసాలనూ ఒకదాని కింద ఒకటి రాస్తే ఒకే ముగ్గును చెబుతున్నాయని ఎవరూ నమ్మరు. న = 4 పెడితే మూడింటికీ 25 వస్తుంది నిజమే. కానీ ఒక్క ముగ్గుకు సరిపోయినంత మాత్రాన అన్ని ముగ్గులకూ సరిపోవాలని లేదు. అది తేల్చాలంటే బ్రాకెట్లు విప్పి, సజాతి పదాలను ఒకచోటికి చేర్చాలి.

అవ్వ లెక్క: 2న² − 4న + 2 + 2న − 1. ఇందులో −4న, +2న ఒక జాతి, కలిపితే −2న. +2, −1 ఇంకో జాతి, కలిపితే +1. మొత్తం 2న² − 2న + 1.

అమ్మ లెక్క: న² + న² − 2న + 1. వర్గాలు రెండూ కలిసి, 2న² − 2న + 1.

పాప లెక్క: 4న − 2 − 1 + 2న² − 6న + 4. ఇందులో 4న, −6న కలిసి −2న. ఉత్త అంకెలు −2, −1, +4 కలిసి +1. మళ్ళీ 2న² − 2న + 1.

మూడు దారులూ ఒకే గుమ్మం దగ్గరికి వచ్చాయి. ఇప్పుడు ఎంత పెద్ద ముగ్గయినా ముగ్గురి లెక్కా ఒకటే అని ఒక్క చుక్క కూడా పెట్టకుండా చెప్పగలం. నడుమ వరుసలో 15 చుక్కలుంటే న = 8, మొత్తం 128 − 16 + 1 = 113. నడుమ 21 ఉంటే న = 11, మొత్తం 221. సూక్ష్మీకరణ అసలు పని ఇది: వేషాలు వేరైనా లోపలి మనిషి ఒకడేనా అని గుర్తుపట్టడం. కంప్యూటరు కూడా ఇలాగే చేస్తుంది. దాని దగ్గర ఈ సమాసం "వర్గానికి 2, నకు −2, ఉత్త అంకెకు 1" అనే చిన్న పట్టిక. ఇంకో సమాసం వస్తే అదే గడిలో ఉన్న గుణకాన్ని అదే గడిలో కూడుతుంది, పక్క గడి జోలికి పోదు.

పై లెక్కల్లో పిల్లలు జారిపడే చోట్లు రెండు. మొదటిది, న²నూ ననూ కలిపేయడం. అక్షరం ఒకటే కదా అనిపిస్తుంది. కానీ న ఒక ఏటవాలు వరుసలోని చుక్కలు, న² ఆ గడి మొత్తంలోని చుక్కలు. పొలం గట్టు పొడవునూ పొలం విస్తీర్ణాన్నీ కూడే రైతు ఉండడు. జాతి ఒకటి కావాలంటే అక్షరమూ ఒకటే ఉండాలి, దాని ఘాతమూ ఒకటే ఉండాలి. రెండోది, గుర్తును పారేసుకోవడం. పదాలను అటూ ఇటూ జరిపేటప్పుడు ముందున్న గుర్తు ఆవు వెంట దూడలా పదంతోనే నడవాలి. −6నను జరిపి మైనస్‌ను పాతచోటే వదిలేస్తే, పాపకు మూలల్లో లేని చుక్కలు వచ్చి చేరతాయి. అనుమానం వస్తే న బదులు 4 పెట్టి చూడండి, 25 రాకపోతే దూడ ఎక్కడో తప్పిపోయింది.

ఈ ముగ్గును లెక్కపెట్టడానికి నాలుగో దారి కూడా ఉంది, అది మీకు వదిలేస్తున్నాను. నట్టనడుమ చుక్క 1. దాని చుట్టూ 4, ఆ చుట్టూ 8, ఆ చుట్టూ 12. అంటే 1 + 4(1 + 2 + 3). న వరుసల ముగ్గుకు ఆ బ్రాకెట్లో 1 నుంచి (న − 1) వరకు అన్ని సంఖ్యలూ ఉంటాయి, వాటి మొత్తం న(న − 1)లో సగం. బ్రాకెట్లు విప్పండి, సజాతి పదాలు చేర్చండి. చివరికి 2న² − 2న + 1 రాకపోతే ముగ్గులో తప్పు వెతక్కండి. చుక్కలు సరిగ్గానే ఉన్నాయి. మీరే ఎక్కడో టీనీ వడనూ కలిపేసి ఉంటారు.